బీరువాలో పాత సీడీలు, డీవీడీలు ఉన్నాయా? వచ్చే వానాకాలం లోపే వాటిని కంప్యూటర్లోకి కాపీ చేసేయండి

మా కోనసీమలో ఏ ఇంట్లో బీరువా వెతికినా పట్టుచీరల కింద ఓ పెళ్లి సీడీ తగులుతుంది. 2003 పుష్కరాలు మొదలు ఆ తర్వాత ఓ పదేళ్ల పాటు జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు అన్నీ వాటిలోనే ఉన్నాయి. మొన్న మా అక్క పెళ్లి సీడీలు తీశాను. మూడుండాలి, రెండే దొరికాయి. వాటిలో ఒకటి అంచు దగ్గర వెండిపూత పోయి, లైటుకి పెడితే జల్లెడలా వెలుతురు కనిపిస్తోంది. స్టూడియో వాళ్లు పైన పెద్ద కాగితం స్టిక్కర్ అంటించారు, దాన్ని పీకబోతే పూత కూడా దాంతోపాటే వచ్చేసింది. మీరు మాత్రం పీకకండి.

ఎందుకలా ఊడిందంటే, సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, డేటా ఉండే పొర లేబుల్‌కి సరిగ్గా కిందే ఉంటుంది. మనం అడుగున గీతలు పడకుండా చూసుకుంటాం గానీ అసలు ప్రమాదం పైనుంచే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కాస్త నయం. డీవీడీ తర్వాత వచ్చిన బ్లూరేలో అడుగు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు.

ముందు మీ దగ్గరున్నదేంటో తేల్చుకోండి. మధ్య కన్నం చుట్టూ ఉండే సన్నక్షరాలు చదవండి, లేకపోతే అడుగు రంగు చూడండి. తళతళలాడే వెండి రంగైతే ఫ్యాక్టరీలో అచ్చు వేసింది, కొన్న సినిమాలు ఇలాంటివే, త్వరగా పాడవవు. ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే సీడీ-ఆర్, ఊదా రంగైతే డీవీడీ-ఆర్. ఈ రెండిట్లో లేజరు రాసేది ఒక రంగు పొర మీద, ఎండకీ వేడికీ చెమ్మకీ పాడయ్యేది అదే. మన పెళ్లి సీడీలు దాదాపు అన్నీ ఈ రకమే. ముదురు బూడిద రంగైతే ఆర్‌డబ్ల్యూ, చెరిపి మళ్లీ రాసుకునేది.

తుడవడం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. గుండ్రంగా తిప్పకండి. పాత పంచె ముక్క తడిపి, మధ్యనుంచి అంచుకి నిలువుగా లాగండి. డేటా చుట్లు చుట్లుగా ఉంటుంది కాబట్టి అడ్డగీత పడితే డ్రైవ్ సర్దుకుంటుంది, చుట్టు వెంబడే గీత పడితే సర్దుకోలేదు. కిరోసిన్, పెట్రోల్ లాంటివి మాత్రం వద్దు.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి డ్రైవ్ ఉండదు కదా, యూఎస్‌బీకి పెట్టుకునే డీవీడీ రైటర్ ఒకటి తెచ్చుకోండి, సీడీలు కూడా అదే చదువుతుంది. వీడియో సీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో పేరు చివర .DAT అని ఉన్న ఫైల్ ఉంటుంది, దాన్ని కాపీ చేసుకుంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లో ఆడుతుంది. డీవీడీ అయితే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం లాగేయండి, ఒక్కో ఫైల్ ఏరుకోవద్దు. మధ్యలో ఆగిపోయి ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని వస్తే టెన్షన్ పడకండి, పక్కింటి వాళ్ల పాత డెస్క్‌టాప్‌లో పెట్టి చూడండి, ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదివేస్తుంది. మా రెండో సీడీ అలాగే వచ్చింది. డీవీడీ ఎక్కడా చదవకపోతే లినక్స్ కంప్యూటర్లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది, బాగున్న భాగాలు ముందు లాగేసి, పాడైన చోటికి తర్వాత మళ్లీ వస్తుంది. వీడియో సీడీకైతే ఐసోబస్టర్ అనే ప్రోగ్రామ్ వాడండి.

కొత్తగా రాసుకోవాలంటే లెక్క ఇదీ: సీడీ 700 ఎంబీ, డీవీడీ 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5, బ్లూరే 25, రెండు పొరలది 50, ఇంకా ఎక్కువ పొరలుండే బ్లూరే అయిన బీడీఎక్స్‌ఎల్ 100 లేదా 128. లేజరు రంగు మారేకొద్దీ చుక్క సన్నబడింది, లేజరు తరంగదైర్ఘ్యం సీడీకి 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూరేకి 405, అందుకే అదే 12 సెంటీమీటర్ల పళ్లెంలో అంత ఎక్కువ పడుతోంది. డీవీడీ డ్రైవ్ బ్లూరేని చదవదు, కొనేముందే చూసుకోండి. దాచుకోవడానికి ఆర్‌డబ్ల్యూ వద్దు. బ్లూరేలో ఎల్‌టీహెచ్ అని రాసి ఉన్నవి కూడా వద్దు, వాటిలో మళ్లీ ఆ రంగు పొరే. ఎమ్-డిస్క్ అనే రకంలో రాయిలాంటి పొర ఉంటుంది, వెయ్యేళ్లు ఉంటుందని తయారీదారుల మాట, వెయ్యేళ్ల సంగతేమో గానీ చెమ్మకి మాత్రం మేలు. రాశాక వెరిఫై, అంటే అంతా సరిగ్గా పడిందో లేదో సరిచూడటం, తప్పనిసరి.

ఒక కాపీ మాత్రం ఊరికి దూరంగా, రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. గోదావరి లంకలోకి వరదొస్తే ఒకే బీరువాలో ఉన్న కాపీలన్నీ కలిసే తడుస్తాయి.

ఇక మా మూడో సీడీ సంగతి. ఇల్లంతా వెతికాక మా బాబాయ్ చెప్పాడు, పిట్టలు రాకుండా చేలో తాడుకి కట్టాడట.