గేటెడ్ కమ్యూనిటీ బడ్జెట్‌లో సెక్యూరిటీ, ఫైర్ సిబ్బందికి డబ్బు లెక్కకట్టడం ఎలా

మన దగ్గర పోలీసుల జీతాలు ఏ మున్సిపాలిటీ బడ్జెట్‌లోనూ ఉండవు. రాజ్యాంగం ప్రకారం పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. అగ్నిమాపక సేవల్ని 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్ పట్టణ సంస్థల పనుల్లో చేర్చినా, తెలంగాణలో ఫైర్ స్టేషన్లను నడిపేది రాష్ట్ర శాఖే. కాబట్టి హైదరాబాద్‌లో జనం సొంత చేత్తో, సొంత డబ్బుతో బడ్జెట్ వేసుకునే కాపలా, మంటల రక్షణ అంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లదే. నిజాంపేట వైపో, నల్లగండ్ల వైపో 300 ఫ్లాట్లున్న కమ్యూనిటీలో వెయ్యిమందికి పైగానే ఉంటారు. అది ఓ చిన్న ఊరే. ఆ ఊరి బడ్జెట్‌ను చాలా కమిటీలు "ఎంతమంది గార్డులు కావాలి?" అనే ప్రశ్నతో మొదలుపెడతాయి. తప్పు అక్కడే మొదలవుతుంది. ముందు తేల్చాల్సింది మనుషుల్ని కాదు, గంటల్ని.

ముందుగా పోస్టులు రాయండి. పోస్టు అంటే మనిషి ఉండి తీరాల్సిన చోటు, సమయం. 300 ఫ్లాట్లు, ఐదు బ్లాకులున్న కమ్యూనిటీకి ఉదాహరణ చూద్దాం. మెయిన్ గేటు లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండూ 24 గంటలు. వెనక గేటు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, అంటే 16 గంటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా సెల్లార్లు, మెట్లు తిరిగి చూసే ఒక మనిషి, 8 గంటలు. సీసీటీవీ తెరలు, ఫైర్ అలారం ప్యానెల్ రెండూ ఉన్న కంట్రోల్ రూమ్, 24 గంటలు. కూడితే రోజుకు 96 గంటలు, ఏడాదికి 35,040 గంటలు.

ఇప్పుడు ఒక గార్డు ఏడాదిలో నిజంగా ఎన్ని గంటలు నిలబడగలడో చూడండి. 365 రోజుల్లో వీక్లీ ఆఫ్‌లు 52, ఎర్న్‌డ్ లీవులు 15, జాతీయ, పండుగ సెలవులు 8, జ్వరాలకు, ఊరి ప్రయాణాలకు, చెప్పకుండా మానేయడానికి 10 తీసేయండి. 280 రోజులు మిగులుతాయి. రోజుకు 8 గంటల చొప్పున 2,240 గంటలు. ఒక 24 గంటల పోస్టుకు ఏడాదికి కావాల్సింది 8,760 గంటలు కాబట్టి పోస్టుకు 3.9 మంది పడతారు. ముగ్గురు సరిపోరు, ఇద్దరి సంగతి చెప్పనే అక్కర్లేదు. మన 35,040 గంటల్ని 2,240తో భాగిస్తే 15.6 వస్తుంది. పదహారు మంది.

ఈ అంకె వినగానే ఏజీఎంలో (సభ్యుల వార్షిక సమావేశంలో) ఒకాయన లేస్తాడు: "పక్క కమ్యూనిటీలో ఎనిమిది మందితోనే నడుస్తోంది కదండీ?" నడుస్తుంది. 12 గంటల షిఫ్టు, పోస్టుకు ఇద్దరు, వీక్లీ ఆఫ్ లేదు, ఒకడు రాకపోతే రెండోవాడు డబుల్ డ్యూటీ. 36 గంటలు నిద్రలేని మనిషి తెల్లవారుజామున నాలుగింటికి కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే, ఆ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేదీ మనమే.

అసలు విచిత్రం ఏమిటంటే, చట్టప్రకారం లెక్కకడితే 12 గంటల షిఫ్టు చవక కాదు, ఖరీదు. సులువు కోసం గార్డు బేసిక్, వీడీఏ (ధరలతో మారే కరువు భత్యం) కలిపి నెలకు 14,000 అనుకుందాం. (ఇది కనీస వేతనం అంకె కాదు. కార్మిక శాఖ తాజా ఉత్తర్వులో మీ జోన్‌కు, సెక్యూరిటీ సర్వీసులకు ఉన్న అంకెను తీసుకుని ఇక్కడ పెట్టండి.) 26 రోజులు, 8 గంటలు అంటే 208 గంటలు. గంటకు 67 రూపాయల చిల్లర. రోజుకు అదనంగా చేసే 4 గంటలకు ఓటీ (ఓవర్‌టైమ్) రెట్టింపు రేటులో ఇవ్వాలి. నెలకు 104 గంటల ఓటీ, అదీ రెట్టింపు: ఇంకో 14,000. అంటే 12 గంటల గార్డు జీతం 28,000, ఇద్దరికి 56,000. అదే 24 గంటల్ని ముగ్గురు 8 గంటల చొప్పున చేస్తే 42,000 (పోల్చడానికి రెండు లెక్కల్లోనూ సెలవుల్ని పక్కన పెట్టాం). కాబట్టి ఏ ఏజెన్సీ అయినా 12 గంటల కొటేషన్ తక్కువకు ఇచ్చిందంటే, ఓటీ ఎగ్గొడుతోందనే అర్థం. కొటేషన్‌లో ఆ వరుస ఉండనే ఉండదు, వెతికి చూడండి.

తర్వాత తలకు ఎంత పడుతుందో కట్టాలి. 14,000 జీతం మీద యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, దానికి ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే బీమా) 0.5, అడ్మిన్ చార్జీలు 0.5 కలిపి 13 శాతం: 1,820. ఈఎస్ఐ యజమాని వాటా 3.25 శాతం: 455. బోనస్ 8.33 శాతం: 1,166. గ్రాట్యుటీ 4.81 శాతం: 673. యూనిఫాం, బూట్లు, టార్చి, రెయిన్‌కోటుకు నెలకు 350 పెట్టుకోండి. మొత్తం 18,464. ఏజెన్సీ సర్వీస్ చార్జీ 8 శాతం అనుకుంటే 1,477. దాని మీద 18 శాతం జీఎస్టీ 3,589. తలకు 23,530 రూపాయలు. పదహారు మందికి నెలకు 3,76,480. ఫ్లాటుకు 1,255.

ఈ లెక్కలో లీవు జీతం, రిలీవర్ (సెలవులో ఉన్నవారి బదులు వచ్చే గార్డు) చార్జీ విడిగా లేవు. ఎందుకంటే పదహారు మంది అనే అంకెలోనే సెలవులన్నీ ఉన్నాయి. ఏజెన్సీలు మాత్రం పోస్టుల లెక్కన బిల్లు వేస్తూ, ఆరుగురికి ఒక రిలీవర్ చొప్పున 16.67 శాతం, దాని కింద మళ్లీ లీవు వేజెస్ అని ఇంకో వరుస పెడతాయి. పోస్టుల లెక్కయితే ఆ వరుసలు న్యాయమే. తలల లెక్కన పదహారు మందికి బిల్లు వేసి పైన రిలీవర్ కూడా వేస్తే ఒకే సెలవుకు రెండుసార్లు కట్టినట్టు. మరో మెలిక: రేటు 26 రోజులకా, 30 రోజులకా? రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టే ముందు రెండింటినీ ఒకే రోజుల మీదికి, ఒకే గంటల మీదికి తెచ్చుకోండి. గంటకు ఎంత పడిందో చూస్తే ఇక ఏ మాయా పనిచేయదు.

జీతాన్ని ముక్కలు చేయడం ఇంకో ఎత్తు. బేసిక్ తక్కువ చూపించి, కన్వేయన్స్, వాషింగ్ అలవెన్స్ అంటూ మిగతాది పంచితే పీఎఫ్ తగ్గుతుంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ల ప్రకారం వేతనం లెక్కలోకి రాని ఇలాంటి అలవెన్సులన్నీ కలిసి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి.

"వాళ్ల పీఎఫ్ ఏజెన్సీ గొడవ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. కత్తిపీటకూ దురద ఉంది. కాంట్రాక్టరు కట్టకపోతే పీఎఫ్, ఈఎస్ఐ బకాయిల బాధ్యత ప్రధాన యజమాని మీదికి, అంటే అసోసియేషన్ మీదికి వస్తుంది. అందుకే ప్రతి నెలా బిల్లు పాస్ చేసే ముందు నాలుగు కాగితాలు తీసుకోండి: గార్డుల పేర్లు, యూఏఎన్‌లు (పీఎఫ్ నంబర్లు) ఉన్న పీఎఫ్ ఈసీఆర్ (నెలవారీ రిటర్ను), ఈఎస్ఐ చలానా, జీతాలు బ్యాంకులో పడిన స్టేట్‌మెంట్, సంతకాల మస్టర్ (హాజరు పుస్తకం). చలానాలో మొత్తం అంకె మాత్రమే చూస్తే లాభం లేదు, ఏజెన్సీ మొత్తం సిబ్బందికి ఒకే చలానా కడుతుంది. మస్టర్‌లో ఉన్న పేర్లు ఈసీఆర్‌లో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ టిక్కు పెట్టండి. మస్టర్‌లో పదహారు, ఈసీఆర్‌లో పదకొండు కనిపించాయంటే తేడాను ఆ నెల బిల్లులోంచే ఆపాలి. వచ్చే నెల చూద్దామంటే చేతికి దొరకదు. కాంట్రాక్టు బిల్లు మీద టీడీఎస్ (ముందే పట్టి కట్టే ఆదాయపు పన్ను) మర్చిపోవద్దు: వ్యక్తికైతే 1 శాతం, కంపెనీ, పార్ట్‌నర్‌షిప్ లాంటివైతే 2 శాతం. దీనికి అసోసియేషన్ పేరిట ట్యాన్ (టీడీఎస్ కట్టేవాళ్ల నంబరు) ఉండాలి.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద తెలంగాణకు చెల్లే లైసెన్సు ఉందో లేదో, గడువు ఎప్పటిదాకానో చూడండి. ఆ చట్టం కింద గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డ్, మొత్తం 160 గంటల శిక్షణ ఉండాలి. మాజీ సైనికులకు ఇది తక్కువ. శిక్షణ సర్టిఫికెట్లు, పోలీస్ వెరిఫికేషన్ కాగితాలు గార్డు చేరిన రోజే ఫైల్లో ఉండాలి.

ఇక ఫైర్. దీన్ని సెక్యూరిటీ పద్దులో కలిపితే మొదట ఎండిపోయేది ఇదే. దొంగతనం జరిగితే అందరికీ తెలుస్తుంది, పంపు పాడైతే మాత్రం మంట వచ్చేదాకా ఎవరికీ తెలియదు. విడి పద్దు, వీలైతే విడి ఖాతా పెట్టండి.

మామూలు కమ్యూనిటీకి 24 గంటలూ విడిగా ఫైర్‌మన్‌ను పెట్టడం కష్టం. షిఫ్టులో ఎలాగూ ఉండే ఎలక్ట్రీషియన్ లేదా ప్లంబర్‌కు పంపు రూమ్ పని నేర్పించి, ఆ పనిని కాంట్రాక్టులో రాయించి, దానికి నెలకు కొంత అదనం ఇవ్వడం ఆచరణలో పనిచేసే దారి. ఎత్తైన భవనాలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ అర్హత ఉన్న ఫైర్ ఆఫీసర్‌ను అడుగుతుంది. 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) ఎలాగూ ఉంటుంది. అందులో ఏ షరతులు రాశారో చదివి, ఆ మేరకు పోస్టు పెట్టండి.

ఆ షిఫ్టు మనిషి చేయాల్సిన పని చూస్తే డబ్బు ఎక్కడ పోతుందో అర్థమవుతుంది. పంపు రూమ్‌లో మూడు పంపులుంటాయి. పైపులో ఒత్తిడి కొద్దిగా తగ్గితే జాకీ పంపు, ఇంకా తగ్గితే మెయిన్ కరెంటు పంపు, అదీ రాకపోతే డీజిల్ పంపు వాటంతట అవే మొదలవ్వాలి. తనిఖీల్లో ఎక్కువగా బయటపడేది ప్యానెల్ స్విచ్ "ఆటో" బదులు "మాన్యువల్"లో ఉండటం. లీకు వల్ల జాకీ పంపు మాటిమాటికీ ఆన్ అవుతుంటే ఎవరో చిరాకుతో తిప్పేస్తారు, మళ్లీ ఎవరూ తిప్పరు. లీకు బాగుచేయడానికి డబ్బు ఉంచితే స్విచ్ జోలికి ఎవరూ పోరు. రెండోది డీజిల్ ఇంజను బ్యాటరీ. వారానికోసారి ఇంజను నడపకపోతే అది చచ్చిందని తెలిసేది అవసరమైన రోజే. దానికి ప్రతి ఏటా కొంత పక్కన పెట్టండి. మూడోది మన ఊరికే ప్రత్యేకం: ఏప్రిల్, మే నెలల్లో బోర్లు ఎండి, ట్యాంకర్ ఆలస్యమైతే ఫైర్ ట్యాంకులోంచి ఇళ్లకు నీళ్లు తోడేస్తారు. వేసవి ట్యాంకర్ల పద్దు నిజాయతీగా వేస్తే ఈ దొంగతనం తగ్గుతుంది. హోస్ బాక్సుల్లో ఇత్తడి నాజిల్స్ మాయమవడం ఇంకోటి. రాత్రి తిరిగే గార్డు చెక్‌లిస్టులో బాక్సుల లెక్కను చేర్చండి, జీతంలో పైసా పెరగదు.

చిట్టచివరి హైడ్రెంట్ (ఫైర్ హోస్ తగిలించే కుళాయి) దగ్గర చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల ఒత్తిడి రావాలి. ఏఎంసీ (వార్షిక నిర్వహణ కాంట్రాక్టు) వాళ్లు సంతకం పెట్టే ముందు టెర్రస్ మీద గేజి పెట్టి చూపించాలని కాంట్రాక్టులో రాయండి. ఎక్స్‌టింగ్విషర్లలో పౌడర్ రకానికి మూడేళ్లకోసారి, కార్బన్ డయాక్సైడ్ రకానికి ఐదేళ్లకోసారి ప్రెషర్ టెస్ట్ ఉంటుంది. అన్నీ ఒకే ఏడాది కొన్నవైతే ఖర్చు ఒకేసారి మీద పడుతుంది. మూడో వంతు చొప్పున ఏటా చేయిస్తే బడ్జెట్ కుదురుగా ఉంటుంది.

సెల్లార్, స్టిల్ట్ సంగతి వేరు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన పొగ పైనున్న లాడ్జిలో 8 మందిని బలితీసుకుంది. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది పోయారు. రెండు చోట్లా మంట కింద, ప్రాణాలు పోయింది పైన. మెట్ల కింద పాత సోఫాలు, పెయింట్ డబ్బాలు, ఎక్స్‌టెన్షన్ వైరుతో చార్జింగ్ పెట్టిన స్కూటర్లు తీయించడం రాత్రి గార్డు వల్ల కాదు, ఓనర్లు అతని మాట వినరు. కమిటీ పేరుతో నోటీసు, జరిమానా ఉండాలి. ఫైరింజన్ తిరిగే సెట్‌బ్యాక్‌లో (భవనం చుట్టూ వదిలిన ఖాళీలో) విజిటర్ల కార్లు పెట్టనివ్వకపోవడం మాత్రం గేటు పోస్టు పనే.

డబ్బు వసూలు దగ్గరికి వద్దాం. అందరూ టైముకు కట్టరు. వసూలు 93 శాతం ఉంటే 1,255ను 0.93తో భాగించండి: 1,349. వీడీఏ ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి ఏడాది మధ్యలో పెరిగే జీతానికి కొంత కలపండి. దసరా మామూలు వేరే, అది బోనస్‌లో కలవదు, గార్డులూ కలిపి చూడరు. నెలవారీ మెయింటెనెన్స్ ఫ్లాటుకు 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితే సభ్యుల మీద జీఎస్టీ పడుతుంది. మీరు 7,400 దగ్గర ఉంటే పెంచే ముందు ఆడిటర్‌ను అడగండి. పంపులు, పైపులు మార్చే పెద్ద ఖర్చు నెలవారీ జమలోంచి కాదు, కార్పస్ (అసోసియేషన్ మూలనిధి) వడ్డీలోంచి లేదా విడి నిధిలోంచి రావాలి.

ఏజీఎం ఒప్పుకోకపోతే జీతం కోయకండి, గంటలు కోయండి. వెనక గేటును 16 గంటల బదులు పిల్లల స్కూలు బస్సులు, పనివాళ్లు వచ్చిపోయే 6 గంటలకు తగ్గిస్తే ఏడాదికి 3,650 గంటలు మిగులుతాయి. మిగిలిన 31,390 గంటలకు పద్నాలుగు మంది సరిపోతారు. నెలకు 47,060, ఫ్లాటుకు 157 రూపాయలు తగ్గుతాయి. రాత్రి కంట్రోల్ రూమ్ పోస్టు మాత్రం ముట్టుకోవద్దు. అర్ధరాత్రి ప్యానెల్ మోగితే ఏ బ్లాకో చూసి, 101కు ఫోన్ చేసి, లిఫ్టులు కిందికి దించేది అక్కడ కూర్చున్న ఒక్క మనిషే.

డ్రిల్ ఖర్చు కూడా రాసుకోండి: కొత్త భవనానికి మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి. ఆదివారం ఉదయం పెడితే జనం దిగుతారు. రాత్రి షిఫ్టు గార్డుల్ని ఆ పూట ఆపితే వాళ్లకు రెండు గంటల ఓటీ, అదీ రెట్టింపు, బడ్జెట్‌లో ఉండాలి.