కార్తీక స్నానాలకు వెళ్లే గుండె జబ్బువాళ్లూ, పొద్దుటి మాత్ర ఆపకండి

మొన్న సోమవారం మా రేవులో మునిగి పైకి వస్తూ ఒక పెద్దాయన మెట్ల మీదే కుప్పకూలిపోయారు. పాత గుండెపోటు మనిషి. పక్కనున్న కుర్రాడికి ఛాతీ నొక్కడం వచ్చు కాబట్టి బతికారు. సంచీలో చూస్తే ఆ పూట మాత్ర రేకులోనే ఉంది. "ఉపవాసం కదండీ, దీపం పెట్టాక వేసుకుంటానన్నారు" అంది ఆయన భార్య.

మెట్ల మీద పాచి ఉంటుంది, లోతుకు వెళ్లొద్దు లాంటివి మీకు తెలిసినవే. నా గొడవంతా ఆ మాత్ర గురించి.

పొద్దున్నే ఎందుకు ప్రమాదం: గుండె లయ ప్రాణం మీదికి వచ్చేలా తప్పడం రోజంతా ఒకే తీరుగా ఉండదు. నిద్ర లేచినప్పటి నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువ. అమెరికాలో మసాచుసెట్స్ మరణ ధ్రువపత్రాల మీద 1987లో వచ్చిన అధ్యయనంలో, హఠాత్తుగా గుండె ఆగిన మరణాలు ఉదయం 7 నుంచి 11 మధ్య ఎక్కువగా తేలాయి. లేవగానే అడ్రినలిన్ పెరుగుతుంది, బీపీ ఎగుస్తుంది, రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మాత్రలు) ఆ ఉధృతిని తగ్గిస్తాయి. వాటిలో కొన్నింటి బలం తెల్లారేసరికి సన్నగిల్లుతుంది. సరిగ్గా అప్పుడే తర్వాతి మాత్ర వాయిదా వేస్తే? ఉన్నట్టుండి ఆపేస్తే గుండె ఇంకా రెచ్చిపోతుంది కూడా.

చన్నీళ్ల సంగతి: ఒళ్లు చల్లటి నీళ్లలో పడితే గుండె పరుగెత్తాలంటుంది, ముఖం మునిగితే నెమ్మదించాలంటుంది. ఒకేసారి రెండూ జరిగితే లయ తప్పొచ్చు. అందుకే ముందు కాళ్లు, చేతులు తడుపుకోండి. మూడు మునకలే కావాలంటే ఇంట్లో గోరువెచ్చటి నీళ్లు తలమీద పోసుకోండి, గోదావరి నీళ్లు చెంబుతో కలుపుకోండి.

ఇక మిగతావి. గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడదు, మాత్ర ఆపకండి. వేళ మార్చాలంటే డాక్టరుతో ముందు రోజే మాట్లాడండి, పూజారితో కాదు. షుగర్ మాత్రల లెక్క వేరు, అదీ డాక్టర్నే అడగండి. నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లు విరేచనాలైతే ఊరుకోవద్దు, పొటాషియం పడిపోయి లయ తప్పుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే ఉపవాసం పేరుతో కొబ్బరి బొండాలు వరసగా లాగించకండి, అక్కడ పొటాషియం పెరుగుతుంది. పంచారామాల బస్సెక్కేటప్పుడు మాత్రలు డిక్కీలో పెట్టే బ్యాగులో వద్దు, చేతి సంచీలోనే. మందుల చీటీ జేబులో. ఒంటరిగా రేవుకు వెళ్లొద్దు. రాత్రంతా జాగారం చేసి నేరుగా నీళ్లలోకి దిగొద్దు. గుండె దడదడలాడి కళ్లు తిరిగితే గ్యాస్ అనుకోవద్దు. నిద్రలో లయ తప్పే బ్రుగాడా లాంటి జబ్బులున్నవాళ్లు పొద్దుటి లెక్క చూసి రాత్రిళ్లు ధీమాగా ఉండొద్దు.

మనిషి పడిపోయి, పిలిచినా పలక్క, ఊపిరి సరిగా లేకపోతే 108కి ఫోన్ చేయించండి. నాడి వెతుకుతూ కూర్చోకండి. నోట్లో తీర్థం పోయకండి. ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి.