స్థలానికైనా ఎద్దుకైనా: వర్ణన రాసే పద్ధతి

కథలో వర్ణన దృశ్యాన్ని కళ్లకు కట్టిస్తే చాలు. దస్తావేజులో అలా కుదరదు. అక్కడి వర్ణన ఇంకో స్థలానికీ సరిపోయిందంటే దండగే.

దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో జిల్లా, మండలం, గ్రామం, సబ్‌డివిజన్‌తో సహా సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఒక్కో వైపు కొలత ఉండాలి. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. కాబట్టి ఉత్త అంకణాలు రాసి వదలొద్దు; నెల్లూరు లెక్కయితే '50 అంకణాలు, అనగా 400 చదరపు గజాలు' అనండి. హద్దుగా 'వేపచెట్టు', 'ఫలానావారి ఇల్లు' అని రాసి ఊరుకుంటే రేపు చెట్టు పడిపోతుంది, ఇల్లు చేతులు మారుతుంది. పక్క స్థలం సర్వే నంబరూ చేర్చండి. తగాదాలకు మూలం ఎక్కువగా ఈ హద్దులే.

ఎద్దుకైనా ఇంతే. ఒంగోలు ఎద్దుకు 'తెల్లరంగు, పెద్ద మూపురం, గంగడోలు' అంటే జాతిని చెప్పినట్టే, ఆ ఎద్దును కాదు. పళ్లను బట్టి వయసు, సుడులు, మచ్చలు, కొమ్ముల తీరు, చెవి ట్యాగు మీది 12 అంకెలు రాయాలి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయికి 'నలుపు' అంటే చాలదు. బంగారు చుక్కలు ఒత్తుగా ఉన్నాయా పలచగానా, పలక మందం ఎన్ని మిల్లీమీటర్లు, పాలిష్ ఒకవైపేనా అన్నవి ఆర్డరులోనే తేల్చండి.