ఒకే అక్షరాలున్న ఇంగ్లీషు పదాల్ని అర్థంతో సహా పట్టుకోవడం ఎలా?

పరీక్షలు దగ్గరపడితే చాలు, అమలాపురం నుంచి పాలకొల్లు దాకా పిల్లలు ‘రోజుకి ఇరవై పదాలు’ అంటూ డిక్షనరీలో మొదటి అక్షరం ‘ఏ’ నుంచి వల్లె వేయడం మొదలుపెడతారు. ‘బీ’ పూర్తయ్యేసరికి ‘ఏ’లో చదివినవి ఎగిరిపోతాయి. ఆ పని మానెయ్యండి. ఒకే అక్షరాల గుంపున్న పదాల్ని ఒక పేజీలో రాసుకుంటే ఒక్క అర్థం పట్టుకుని అరడజను పదాలు లాగొచ్చు.

కావలసినవి: లాంగ్ నోట్‌బుక్కు, పెన్సిలు, పెన్ను, డిక్షనరీ. ఆ డిక్షనరీ పదం ఏ భాషలోంచి వచ్చిందో కూడా చెప్పేదై ఉండాలి. జేబులో పట్టే ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ ఈ పనికి చాలదు. ఫోన్లో చూసుకున్నా ఫర్వాలేదు గానీ రాసేది మాత్రం చేత్తోనే, పేజీకి ఒకే గుంపు.

1. తెలిసిన మాటతో మొదలుపెట్టండి. ట్రాక్టరు తెలియనివాళ్లు గోదావరి డెల్టాలో ఉండరు. అందులోని ‘ట్రాక్ట్’కి లాటిన్‌లో లాగడం అని అర్థం. అట్రాక్ట్ అంటే తనవైపు లాగడం. ఎక్స్‌ట్రాక్ట్, బయటికి లాగడం. పన్ను పీకడాన్ని డెంటిస్టు ఎక్స్‌ట్రాక్షన్ అనేది అందుకే. డిస్ట్రాక్ట్, పక్కకి లాగడం. చెరువుల ఊళ్లవాళ్లయితే ‘ఆక్వా’ తీసుకోండి. అది నీరు. అక్వేరియం దాన్నుంచి వచ్చిందే. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించే అక్విడక్టు కూడా ఇందులోదే. కాకపోతే దాని స్పెల్లింగులో ‘క్యూ’, ‘యూ’ తర్వాత వచ్చేది ‘ఏ’ కాదు, ‘ఈ’.

2. పదాలు పోగెయ్యండి. ఆ అక్షరాలున్నవన్నీ పెన్సిలుతో రాసెయ్యండి. ఇప్పుడు తప్పొప్పులు చూడొద్దు.

3. చుట్టాలు కానివాటిని ఏరిపారెయ్యండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు కదా, పదాలూ అంతే.

‘పోర్ట్’ చూడండి. పీ, ఓ, ఆర్, టీ. లాటిన్‌లో మోయడం. భీమవరం రొయ్యలు ఎక్స్‌పోర్ట్ అవుతాయి, అంటే బయటికి మోసుకెళ్తారు. ఇంపోర్ట్ లోపలికి, ట్రాన్స్‌పోర్ట్ ఇటు నుంచి అటు. సపోర్ట్ అంటే కిందనుంచి మోయడం. ఇంతవరకూ హాయిగా సాగుతుంది. కానీ కాకినాడ పోర్టులో ఉన్నది రేవు. లాటిన్‌లో అది వేరే మాట. ఎయిర్‌పోర్టు, పాస్‌పోర్టు ఆ రేవు వైపువి. ఆపర్చునిటీ కూడా అటుదే. ఓడని రేవు వైపు తోసే గాలి అన్న మాటలోంచి వచ్చింది. కాబట్టి పేజీని నిలువుగా రెండుగా చీల్చండి: ఎడమవైపు మోత, కుడివైపు రేవు.

పోర్షన్ ఈ రెండింటిలోనూ పడదు, అది వంతు. ‘ఎవరి వంతు వాళ్లు మోసుకెళ్తారు గనక పోర్షన్’ అని చెప్పేవాళ్లు తగులుతారు. వినడానికి బాగుంటుంది, అబద్ధం. సొంతంగా కథ అల్లడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. కథ ఎంత చక్కగా అతికితే అంత అనుమానించి డిక్షనరీ తియ్యండి. పోర్ట్రెయిట్ సంగతి ఇంకా తమాషా. చూడ్డానికి పోర్ట్‌లా ఉంటుంది, అసలు పుట్టింది లాగడంలోంచి. దాన్ని ట్రాక్టరు పేజీకి పంపండి.

‘పెడ్’ దగ్గర మరీ జాగ్రత్త. పెడల్, పెడెస్ట్రియన్‌లలో లాటిన్ పాదం ఉంది. పీడియాట్రీషియన్ దగ్గరికి మాత్రం పాదం నొప్పని వెళ్లకండి, ఆయన పిల్లల డాక్టరు. ఆ ‘పీడ్’కి గ్రీకులో పిల్లవాడు అని అర్థం. బ్రిటిష్ స్పెల్లింగులో ‘పీ’ తర్వాత ‘ఏ’, ‘ఈ’ అక్షరాలు రెండూ ఉంటాయి కాబట్టి తేడా కనిపిస్తుంది. అమెరికా స్పెల్లింగులో ఆ ‘ఏ’ పోయింది, తికమక అక్కడే. సెంట్ కూడా ఇలాంటిదే. సెంచరీలో, సెంటీమీటరులో వంద ఉంది. యాక్సెంట్, ఇన్నోసెంట్‌లలో లేదు.

డెల్టావాళ్లకి ప్రత్యేకంగా ఇంకొకటి. ధవళేశ్వరం అనికట్‌లో ‘కట్’ చూసి కోయడం అని రాస్తుంటారు. కాటన్ దొర కాలానికి ఇంగ్లీషువాళ్లు ఆ మాటని తమిళంలోంచి తెచ్చుకున్నారు, మన ఆనకట్టకి అది చుట్టం.

వాట్సాప్‌లో తిరిగే ‘వెయ్యి పదాలు వారంలో’ పీడీఎఫ్‌లు ఈ ఏరివేత చెయ్యవు. అక్షరాలు కలిస్తే చాలు, ఒకే గంపలో పోసేస్తాయి. అవి దించుకుని చదివే బదులు నిద్రపోవడం మేలు.

4. మిగిలినవాటిని పెన్నుతో రాయండి. ఒక్కో పదానికి మీ ఊరి సంగతితో ఒక వాక్యం, ఇంగ్లీషులోనే. గైడులోంచి ఎత్తిన వాక్యం పనికిరాదు. అనుమానం తీరనివాటిని పెన్సిలులోనే ఉంచి, డిక్షనరీ చూశాకే పెన్ను పెట్టండి.

తర్వాతి పేజీకి అక్విడక్టులోని ‘డక్ట్’ తీసుకోండి, అంటే నడిపించడం. కండక్టర్, ప్రొడక్ట్, ఇంట్రడక్షన్ వస్తాయి. సీ తర్వాత టీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పేజీలోకి బాతు దూరుతుంది.