చెట్టు తెరవకముందే ఊళ్లన్నీ దిగిపోయాయి

తెలంగాణ 33 జిల్లాలు, వాటి కింద మండలాలు, ఊళ్లు. అన్నీ జేఎస్‌ట్రీలో (వెబ్ పేజీలో జాబితాను చెట్టు కొమ్మల్లా విప్పి చూపే జావాస్క్రిప్ట్ పరికరం) పెట్టాను. బాణం నొక్కినప్పుడే ఆ కొమ్మ కిందివి రావాలి. కానీ పేజీ తెరవగానే ఊళ్లన్నీ ఒకేసారి వచ్చిపడి బ్రౌజర్ బిగుసుకుపోయేది.

రెండు పూటలు డేటాబేస్‌నే తిట్టుకున్నా. చివరికి బ్రౌజర్‌లో సర్వర్‌కి వెళ్లే రిక్వెస్ట్‌లు చూపే నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే మొదటి రిక్వెస్ట్‌లో ఐడీ ఖాళీ! జేఎస్‌ట్రీ చెట్టు మొదలుకి '#' అనే ఐడీ ఇస్తుంది. నేనేమో దాన్ని యూఆర్‌ఎల్ చివర చేత్తో అతికించాను. యూఆర్‌ఎల్‌లో # గుర్తు, దాని తర్వాతిది సర్వర్‌దాకా వెళ్లవు కదా. ఐడీ లేదనుకుని నా సర్వర్ కోడ్ వడపోత మానేసి టేబుల్ మొత్తం పంపేసింది. ఐడీని జేఎస్‌ట్రీ సెట్టింగుల్లోని డేటా ఫంక్షన్‌తో పంపితే # గుర్తు %23 అనే కోడ్‌గా మారి సరిగ్గా చేరింది. అంతే, జిల్లాలు మాత్రమే కనిపించాయి.

ఇంకో చికాకు. ఊరి పక్కన కూడా బాణం. నొక్కితే కాసేపు తిరిగి మాయం. ప్రతి వరుసకీ 'చిల్డ్రన్: ట్రూ' (దీని కింద ఇంకా ఉన్నాయి అని) పంపిన బద్ధకం నాదే. ఇప్పుడు కింద ఏదైనా ఉంటేనే ట్రూ పంపుతున్నా. జిల్లా 12, మండలం 12 ఒకే ఐడీతో కొట్టుకోకుండా ఐడీల ముందు వేర్వేరు అక్షరాలు కూడా తగిలించాను.