డెస్క్‌టాప్‌లో పాట పగులుతోందా? డ్రైవర్ జోలికి వెళ్లేముందు చప్పుడు ఏ రకమో పట్టుకోండి

కంప్యూటర్‌లో సౌండ్ పాడవగానే చాలామంది డ్రైవర్ (కంప్యూటర్‌లోని ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేస్తారు. అప్పటికీ బాగుపడకపోతే విండోస్ కొత్తగా వేయిస్తారు. అంత శ్రమా పడ్డాక, స్పీకర్ వైరు జాక్ మొదట్లో నలిగిపోయిందని తెలుస్తుంది. సౌండ్ విషయంలో చెవిని మించిన పరికరం లేదు. చిటపట, గుయ్, గరగర, పగులు, ఇవన్నీ వేరువేరు జబ్బులు. ఏది వినిపిస్తోందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ముందుగా ఒక 5 నిమిషాలు వస్తువులు మార్చి చూడండి. స్పీకర్లను కంప్యూటర్ నుంచి తీసి ఫోన్‌కో టీవీకో పెట్టి, బాగా తెలిసిన పాట ఒకటి వినండి. అక్కడా పగులుతుంటే కంప్యూటర్ తప్పేమీ లేదు, స్పీకర్లనో వైరునో చూసుకోవాలి. తర్వాత మామూలు ఇయర్‌ఫోన్స్‌ను క్యాబినెట్ వెనకున్న ఆకుపచ్చ సాకెట్‌లో పెట్టండి. వాటిలో శుభ్రంగా వినిపిస్తే తప్పు స్పీకర్లదో, కరెంటుదో. వాటిలోనూ పగిలితే అప్పుడు విండోస్ వైపు చూడండి. ఒక్క పాటతో తేల్చేయకండి. ఆ ఫైలే పగిలి ఉండొచ్చు, కాబట్టి వేరేచోట నుంచి ఇంకో పాట కూడా పెట్టి చూడండి.

పెంచినకొద్దీ పగిలే సౌండ్

తక్కువలో బాగుండి, పెంచగానే గాయకుడి గొంతు చీలినట్టు వస్తే సౌండ్ హద్దు దాటి పోతోందన్నమాట. ధ్వని కెరటం ఎంత ఎత్తు లేవగలదో దానికో పైకప్పు ఉంటుంది. ఆ కప్పుకు తగిలిన కొసలు తెగిపోతాయి, అదే మనకు పగులులా వినిపిస్తుంది. ఇప్పటి పాటలు రికార్డింగ్‌లోనే ఆ కప్పు దాకా నిండి ఉంటాయి. ఈక్వలైజర్‌లో బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచితే ఆ కెరటం ఎత్తు రెట్టింపవుతుంది. అది పట్టడానికి చోటెక్కడుంది? అందుకే ఈక్వలైజర్ వాడేవాళ్లు ఏ గీటను ఎంత పెంచారో ప్రీయాంప్‌ను (మొత్తం సౌండ్‌ను ఒకేసారి మార్చే గీట) అంత తగ్గించాలి. వీఎల్‌సీ ప్లేయర్ వాల్యూమ్ 100 దాటి 125 దాకా వెళ్తుంది, దాన్ని 100 దగ్గరే ఆపండి. బ్రౌజర్‌లో వాల్యూమ్ పెంచే ఎక్స్‌టెన్షన్లు ఉంటే తీసేయండి.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి మీ స్పీకర్ పేరు మీద నొక్కండి. కింద 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' (సౌండ్‌కు విండోస్ అద్దే హంగులు) ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. విండోస్ 10లో అయితే పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, స్పీకర్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో అన్నీ డిసేబుల్ చేయాలి. మదర్‌బోర్డుతో వచ్చే డాల్బీ, డీటీఎస్, నాహిమిక్ లాంటి సౌండ్ హంగుల యాప్‌లు వీటికి వేరుగా పనిచేస్తాయి, వాటినీ విడిగా ఆపాలి. తర్వాత విండోస్ వాల్యూమ్ 80 దగ్గర ఉంచి, సౌండ్ ఎంత కావాలో స్పీకర్ నాబ్‌తో పెంచుకోండి. తలకిందులుగా విండోస్‌లో 10 పెట్టి నాబ్ పూర్తిగా తిప్పితే పాట వెనకాల 'స్స్' అనే సొద వస్తుంది.

చిటపట

వాల్యూమ్‌తో సంబంధం లేకుండా మధ్యమధ్యలో టప్ టప్ మంటూ, కొత్త ట్యాబ్ తెరిచినప్పుడో ఫైలు కాపీ చేస్తున్నప్పుడో ఎక్కువైతే, అది కంప్యూటర్ లోపలి సంగతే. విండోస్ మామూలుగా సౌండ్‌ను 10 మిల్లీసెకన్ల ముక్కలుగా అందిస్తుంది. ఏదో ఒక డ్రైవర్ ప్రాసెసర్‌ను అంతకంటే ఎక్కువసేపు పట్టి కూర్చుంటే తర్వాతి ముక్క వేళకు అందదు. ఆ ఖాళీయే టప్ మంటుంది. చాలాసార్లు దోషం సౌండ్ డ్రైవర్‌ది కాదు. అందుకే దాన్ని ఎన్నిసార్లు వేసినా బాగుపడదు.

లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దొంగ దొరుకుతాడు. పాట పెట్టి లేటెన్సీమాన్‌ను 10 నిమిషాలు నడవనిచ్చి, డ్రైవర్స్ ట్యాబ్‌లో ఎక్కువ సమయం తిన్నవాటిని పైకి తెచ్చుకోండి. ఎన్‌డీఐఎస్ (ndis) కనిపిస్తే నెట్‌వర్క్, మామూలుగా వైఫై. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం (nvlddmkm) అంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్. ఏసీపీఐ (acpi) అయితే పవర్ సెట్టింగులు, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్). స్టోర్‌పోర్ట్ (storport) అయితే డిస్కు వైపు. వైఫై అని అనుమానం వస్తే దాన్ని ఆపి, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పాట వినండి. చిటపట ఆగిందా, ఆ డ్రైవర్ మార్చాలి. మదర్‌బోర్డు తయారీదారు సైట్ నుంచే తెచ్చుకోండి. డ్రైవర్లు వాటంతటవే అప్‌డేట్ చేస్తామనే యాప్‌లను దయచేసి దగ్గరికి రానీయకండి, ఒకటి బాగుచేసి నాలుగు పాడుచేస్తాయి. పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చి కూడా చూడండి.

లేటెన్సీమాన్‌లో ఏదీ దొరకకపోతే అప్పుడు సౌండ్ డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో సౌండ్ విభాగం తెరిచి, రియల్‌టెక్ (చాలా మదర్‌బోర్డుల్లో ఉండే సౌండ్ చిప్) మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, తర్వాత 'బ్రౌజ్ మై కంప్యూటర్', ఆపైన 'లెట్ మీ పిక్' ఎంచుకోండి. జాబితాలో 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' అని ఉంటుంది. అది మైక్రోసాఫ్ట్ సాదా డ్రైవర్, హంగులేమీ ఉండవు, అందుకే నిలకడగా ఉంటుంది. స్పీకర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో ఫార్మాట్‌ను 24 బిట్, 48000 హెర్ట్జ్‌కు పెట్టండి. 192000 పెట్టినందువల్ల చెవికి ఒరిగేదేమీ లేదు, కంప్యూటర్‌కు బరువు తప్ప.

యూఎస్‌బీ హెడ్‌సెట్ వాడేవాళ్లు హబ్ తీసేసి నేరుగా వెనక పోర్టుకు పెట్టాలి. ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునేవాళ్లు ఏఎస్ఐఓ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే సౌండ్ డ్రైవర్ రకం) బఫర్‌ను, అంటే ఒక్కో విడతలో అందించే సౌండ్ ముక్కను, 64 శాంపిల్స్ నుంచి 256కు పెంచితే చాలావరకు ఆగుతుంది. 48000 దగ్గర 64 అంటే 1.3 మిల్లీసెకన్లే, 256 అంటే 5.3. కంప్యూటర్‌కు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

గుయ్ మనే హోరు

పాట ఆపినా స్పీకర్‌లోంచి గుయ్ మని వస్తూ ఉంటే అది కరెంటు హోరు. మన దగ్గర సరఫరా 50 హెర్ట్జ్, హోరు ఆ శ్రుతిలోనో దానికి రెట్టింపు 100లోనో ఉంటుంది. స్పీకర్ ఆన్‌లో ఉంచి కంప్యూటర్ వైపు జాక్ పీకండి, దాని కొసను చేత్తో ముట్టుకోకండి, ముట్టుకుంటే ఎలాగూ బుయ్ మంటుంది. జాక్ పీకినా హోరు తగ్గకపోతే స్పీకర్ లోపలి పవర్ సప్లై చెడింది. సాధారణంగా పెద్ద కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉంటుంది, మెకానిక్‌కు చూపించండి.

పీకగానే ఆగిపోతే అది ఎర్త్ గొడవ. కంప్యూటర్ ఒక గోడ ప్లగ్‌కు, స్పీకర్లు ఇంకో గోడ ప్లగ్‌కు ఉంటే రెండింటి ఎర్త్ మధ్య చిన్న తేడా ఉంటుంది, ఆ తేడా ఆడియో వైరు గుండా పారుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలా ఇళ్లలో అంతటితో సరిపోతుంది. సరిపోకపోతే 3.5 మిల్లీమీటర్ల జాక్‌తో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది, మధ్యలో తగిలించాలి. చవకరకంలో బాస్ కొంచెం పోతుంది.

హోరు ఆగుతుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు. ఆ పని మాత్రం ఎన్నటికీ చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. వట్టికాళ్లతో నిలబడి క్యాబినెట్‌ను ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటోందంటే గోడలో ఎర్త్ అందడం లేదని అనుమానించాలి. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోయి పనిచేయకుండా పోవడం మామూలే. గొట్టంలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ కొలిపించండి.

మౌస్ కదిపినప్పుడో గేమ్ నడుస్తున్నప్పుడో సన్నగా కీచుమంటే, అది గ్రాఫిక్స్ కార్డు సొద. క్యాబినెట్ ముందు సాకెట్‌కు వెళ్లే సన్నటి వైరు ఆ కార్డు పక్కనుంచే పోతుంది. జాక్ వెనక్కి మార్చండి. స్పీకర్లకు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే మరీ మంచిది, వెలుగు గుండా కరెంటు సొద రాదు.

గరగర, మాయమైన గొంతు

నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరలాడితే లోపల దుమ్ము. ప్లగ్ తీసి, నాబ్ లాగి, కాంటాక్ట్ క్లీనర్ ఒక చిన్న జల్లు కొట్టి, 20, 30 సార్లు అటూఇటూ తిప్పి, ఆరాక పెట్టండి. తుప్పు వదిలించే స్ప్రేలు, నూనెలు వాడకూడదు.

వాద్యాలు వినిపిస్తూ గాయకుడి గొంతు బావిలోకి జారిపోయినట్టుంటే జాక్ గ్రౌండ్ (కుడి, ఎడమ పక్కలకు ఉమ్మడిగా ఉండే తిరుగుదారి) సరిగా తగలడం లేదు. గొంతు రెండు పక్కలా సమానంగా ఉంటుంది. గ్రౌండ్ పోతే చెవులకు ఆ రెంటి మధ్య తేడా మాత్రమే అందుతుంది, సమానమైనది కొట్టుకుపోతుంది. జాక్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగితే గొంతు తిరిగొస్తుంది. మూడు నల్లగీతలున్న ఫోన్ హెడ్‌సెట్‌ను డెస్క్‌టాప్ ఆకుపచ్చ సాకెట్‌లో పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. మైకుకు, స్పీకర్‌కు విడదీసే స్ప్లిటర్ కొనుక్కోండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మీటింగ్ మొదలవగానే సౌండ్ డబ్బాలోంచి వచ్చినట్టు మారితే అది పాడవడం కాదు. మైకు పనిచేయడానికి అది టెలిఫోన్ నాణ్యతకు దిగుతుంది. మీటింగ్ యాప్‌లో మైకు దగ్గర వెబ్‌క్యామ్ మైకునో, ఇంకోదాన్నో ఎంచుకుంటే పాట మళ్లీ నిండుగా వస్తుంది.