పిల్లల గృహంలోకి ఇంటర్న్‌లను తీసుకునేముందు జాగ్రత్తలు

హోమ్ సైన్స్, సోషల్ వర్క్ విద్యార్థులు బాలల సంరక్షణ గృహానికి రాకముందే ఇవి సరిచూసుకోండి.

• కాలేజీ లెటరు, పోలీస్ వెరిఫికేషన్, పని గంటలు రాసిన ఒప్పందం చేతికి అందాకే చేరే తేదీ ఖరారు చేయండి.

• ఫోన్లు ఆఫీసులోనే ఉండాలి. కేసు విచారణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 సెక్షన్ 74 కింద నేరం: ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. స్టేటస్‌లో పెట్టిన సెల్ఫీ ఒక్కటి చాలు. ఇంటర్న్‌లు రాసే కేస్ స్టడీల్లో బిడ్డ పేరు మార్చి ఊరు, బడి అలాగే వదిలేస్తుంటారు. అవి కాలేజీకి వెళ్లేముందు ప్రతి పేజీ మీరే చదవండి.

• మూసిన గదిలో ఏ ఇంటర్న్‌నూ ఒక బిడ్డతో ఒంటరిగా ఉంచొద్దు.

• "ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాట ఇవ్వకూడదని మొదటి రోజే చెప్పండి. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. గుచ్చి గుచ్చి అడిగితే బిడ్డ బెదిరిపోతుంది, చెప్పే మాటా మారుతుంది. విన్నది బిడ్డ మాటల్లోనే రాసి, అదే పూట సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అందరికీ నోటికి రావాలి.

• వారానికి ఒక గంట ఇంటర్న్‌తో విడిగా కూర్చోండి. విన్న బాధలు వాళ్లనూ కుంగదీస్తాయి.

• తాము ఎప్పటిదాకా ఉంటారో ఇంటర్న్‌లతోనే పిల్లలకు మొదట్లోనే చెప్పించండి. ఇప్పటికే అయినవాళ్ల నుంచి విడిపోయి వచ్చిన పిల్లలు వాళ్లు.